మకరంద శ్రేష్ఠి మైనపు ముఖం

మేనమామను చంపిన పాపం అక్క మెడకు చుట్టుకుందని వినగానే మిహిరుడు ఓడ దిగిన కాళ్ళతోనే సముద్ర చెరసాలకు పరుగెత్తాడు. కాపలావాడి చేతిలో తన వెండి కడియం పెట్టి, వాడు దాన్ని వెలుతురులో తిప్పి చూసుకునేలోపు మెట్లు దిగాడు. పాకుడు పట్టిన గదుల వరసలో చివరి ఊచల వెనక వకుళ మోకాళ్ళ మీద తల ఆనించుకుని కూర్చుని ఉంది.

"అక్కా!"

ఆమె ఉలిక్కిపడి లేచింది. చిన్నప్పుడే ఓడ ఎక్కిపోయిన తమ్ముడు గడ్డాలు మీసాలతో తిరిగొస్తే పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. పోల్చుకున్నాక ఇద్దరూ ఊచల సందుల్లోంచి చేతులు పట్టుకుని ఏడ్చారు.

"రాకరాక ఇవాళొచ్చావురా! పొద్దు వాలితే నన్ను చిల్లు పడవ ఎక్కిస్తారు," అంది వకుళ.

శంఖశైల రాజ్యంలో చిల్లు పడవ పేరు చెబితే పాలు తాగే పిల్లలు కూడా గుక్క ఆపేస్తారు. నేరస్థుణ్ణి అడుగున చిల్లు పొడిచిన పడవలో కట్టేసి, ఆటుతో పోయే నీటికి వదిలేస్తారు. ఒడ్డున నిలబడ్డవాళ్ళు పడవ మునిగేదాకా చూసి ఇళ్ళకు పోతారు.

"ఎవరు ఎక్కిస్తారో చూస్తాను. అసలేం జరిగిందో చెప్పు."

"చెప్పడానికేముంది? అమ్మ పోయాక నన్ను పెంచింది మామయ్యే కదా. రోజూ సాయంత్రం పాయసం నా చేత్తో ఇస్తేనే తాగేవాడు. ఆ రోజూ ఇచ్చాను. సగం తాగాడు, గిన్నె జారిపోయింది. చూస్తుండగానే పెదవులు నీలమైపోయాయి. విషం అన్నాడు వైద్యుడు. గిన్నె నాది, చెయ్యి నాది, ఆస్తి నా పేరు మీద రాశాడట. ఇంకేం కావాలి వాళ్ళకి?"

"తాగే ముందు ఏమన్నా అన్నాడా?"

వకుళ కళ్ళు తుడుచుకుంది. "నవ్వాడురా. ఎవరూ లేనప్పుడు నన్నో ముద్దు పేరుతో పిలిచేవాడు. ఆ పేరుతో పిలిచి, ‘ఇవాళ మీ చిన్నమామ మన ఇంటి మర్యాద మరిచిపోయాడే’ అన్నాడు. ఏం మర్యాదో అడిగేలోపే..."

"ఏం పేరు?"

"చెప్పను. ఎవరికీ చెప్పలేదు. అది ఆయనతోనే పోనీ."

పైన కాపలావాడు దగ్గాడు. మిహిరుడు అక్క చేతులు వదిలి వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కాడు. చూస్తే కాళ్ళు కదలవని వాడికి తెలుసు.

బయటికి వచ్చాక గానీ ఊరికేదో అయిందని వాడు గమనించలేదు. గంధవతీ నగరమంటే మాటలా! రేవులో చందనపు దుంగల ఓడలు, వీధుల్లో పన్నీటి కళ్ళాపి, మేడల గవాక్షాలకు వట్టివేళ్ళ తడికలు, మొగలి పొత్తుల అంగళ్ళు, కస్తూరి కొట్లు, ఏ మూల నిలబడ్డా గుండెల నిండా ఘుమఘుమ. ఆ ఊళ్ళో బిచ్చగాళ్ళు కూడా సంపెంగ నూనె రాసుకునే అడుక్కుంటారని పొరుగు దేశాలవాళ్ళు కుళ్ళుకునేవారు. ఆ నగరంలో ఇప్పుడు ఏ వాసనా లేదు. మల్లెలు విరిసి ఉన్నాయి, వాసన లేదు. గంధం తీస్తున్నారు, వాసన లేదు. పూలమ్మే ఆడవాళ్ళు మూరలు కొలవడం మానేసి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మామయ్య మకరంద శ్రేష్ఠి కన్ను మూసిన సాయంత్రం నుంచి ఇదే తంతు. ఊరి పరిమళాలన్నింటికీ యజమాని ఆయన. పోతూ పోతూ అన్నీ మూట కట్టుకుపోయాడని కొందరు, అసలాయన పోనే లేదని కొందరు చెవులు కొరుక్కుంటున్నారు.

ఆ మధ్యాహ్నమే శ్రేష్ఠికి ముఖసేవ.

గంధవతిలో పెద్దింటి యజమాని పోతే, శవం ముఖం మీద మైనం పోసి అచ్చు తీస్తారు. ఆ మైనపు ముఖాన్ని తొడుక్కుని, పోయినవాడి బట్టలు కట్టుకుని, ఒక నటుడు ఆయన ఆసనంలో కూర్చుంటాడు. చివరి రోజున ఆయనకు ఎవరెవరు ఏ సేవ చేశారో, వాళ్ళే మళ్ళీ అదే చేత్తో, అదే క్రమంలో, అలాగే చేయాలి. ఆ ముఖం ఏదడిగినా జవాబు చెప్పాలి. సేవలన్నీ సరిగ్గా జరిగితే పోయినవాడు తృప్తిగా గడప దాటతాడు.

మిహిరుడు నేరుగా ముఖాలు పోసే అవ్వ గుడిసెకు వెళ్ళాడు. వంద మంది పెద్దల ముఖాలు గోడలకు వేలాడుతున్నాయి. వాటి కింద చాప మీద, ముఖసేవకు కుదిరిన నటుడు అప్పుడే కల్లు కుండ ఖాళీ చేసి గుర్రు పెడుతున్నాడు. మామయ్య ముఖం మాత్రం పీట మీద ఉంది. నవ్వబోతూ ఆగిపోయిన ముఖం.

"నేను తొడుక్కుంటానవ్వా," అన్నాడు మిహిరుడు.

అవ్వ వాడి కళ్ళలోకి తేరిపార చూసింది. "నువ్వు సుగంధి కొడుకువి కదూ. మీ మామ పోలిక మూతి దగ్గరే కనపడతాంది. వద్దురా నాయనా. బయటివాడు తొడిగితే సేవలో తప్పు జరిగినా మైనం పగిలి ఊరుకుంటది. రక్తసంబంధం తొడిగినాక ఒక్క సేవ తప్పిందో, పోయినోడు పోడు. ఉన్నోణ్ణి వదలడు."

"మా అక్కను పొద్దు వాలితే చంపేస్తారవ్వా. ఆ ఇంట్లోవాళ్ళను నిలబెట్టి అడగాలంటే నాకింకో దారి లేదు."

అవ్వ పీట మీది ముఖాన్ని చేతుల్లోకి తీసుకుంది. తర్వాత ఆ మైనపు ముఖాన్ని తిప్పి ఎడమ చెవి పక్క చూపించింది. తేనెరంగు మైనం అక్కడ మాత్రం బొగ్గులా నల్లబడింది. "ఇన్నేళ్ళుగా పోస్తన్నా, మైనం నల్లబడటం ఇదే చూడటం. పాయసం నోట్లో పోసుకుంటారు గానీ చెవిలో పోసుకోరు కదరా. ఈ మాట చెబుదామని పోతే ముసలిదాని చాదస్తమని వాకిట్లోంచే తరిమినారు."

మైనం చర్మానికి అంటుకోకుండా కర్పూర తైలం తీసింది. ముందు తన మణికట్టు మీద ఒక చుక్క రాసుకుని, ఆ తర్వాతే వాడి చెంపలకు పూసింది. గంధవతివాళ్ళు నూనె గానీ అత్తరు గానీ ఎదుటివాడి ఒంటికి పూసే ముందు తమ మణికట్టుకు రాసుకుంటారు. ఇందులో కీడు లేదు, నీకు పూసేది నేనూ పూసుకున్నాను అని దానర్థం. పిల్లలకు నలుగు పెట్టే తల్లులు కూడా అంతే. గొంతు పెద్దమనిషిదిలా బొంగురు పోవడానికి ఒక ఈతాకు ముక్క ఇచ్చి నాలుక కింద పెట్టుకోమంది అవ్వ.

ముఖం తొడుక్కున్నాడు. మైనం చల్లగా ఉంటుందనుకున్నాడు. వెచ్చగా ఉంది.

జేగంటలు మోగాయి. పట్టు ఉత్తరీయం, నవరత్నాల ఉంగరాలు, ఏనుగు దంతపు పావుకోళ్ళు వేసుకుని మిహిరుడు పల్లకీ దిగేసరికి వీధి వీధంతా మోకాళ్ళ మీద వంగింది. శ్రేష్ఠి పోయినప్పటి నుంచి మెతుకు ముట్టని ముసలి కుక్క వాకిట్లో పడి ఉంది. అది తూలుతూ లేచి వచ్చి, వాడి పాదాల మీద తల ఆనించి, తోక ఊపింది. చూస్తున్న పనివాళ్ళు గోడలకు అతుక్కుపోయారు. నిజం చెప్పొద్దూ, మిహిరుడికీ వెన్నులో చలి పుట్టింది. దాన్ని ఓదార్చడానికి వంగితే వాడి చెయ్యి తనంతట తానే కుక్క కుడి చెవి వెనక గోకింది. అదొక్కచోటే దానికి ఇష్టమని వాడికెవరూ చెప్పలేదు.

లోపల కట్టుబడి చూస్తే ఇంద్రభవనం అసూయ పడాలి. పగడపు స్తంభాలు, నెమలికంఠం రంగు తివాచీలు, పైకప్పు నుంచి వేలాడే స్ఫటికపు అత్తరు బుడ్లు. పక్కన ధర్మాధికారి, ఆయన వెనక సంకెళ్ళతో వకుళ, ఆమె చేతిలో పాయసం గిన్నె. ఆమె వంతు చివరిది. సేవ కాగానే అటు నుంచి అటే చిల్లు పడవకు. ముఖం లోపల ఉన్నది తమ్ముడని ఆమెకు తెలియదు. మామయ్య ముఖం కనపడగానే ఆమె గిన్నె గడగడ వణికింది.

మిహిరుడు ఆసనంలో కూర్చున్నాడు.

మొదట వైద్యుడు వచ్చి నాడి పట్టాడు. పట్టినవాడు చప్పున వదిలేశాడు. "ఏం వైద్యుడా, ఆ రోజు నా నాడి ఎలా ఉంది?" అని అడిగితే, "గుర్రంలా ఉంది దొరా, నిండు నూరేళ్ళూ బతుకుతారని చెప్పాను," అంటూ బావురుమన్నాడు. తర్వాత శ్రేష్ఠి భార్య హేలావతి తాంబూలం తెచ్చింది. ఆకు ఈనె తీసి, తొడిమ తుంచి, చిలక చుట్టి నోటికి అందించింది. ఆమె వేళ్ళు వణకలేదు. "ఇప్పుడైనా నాతో పోట్లాడకుండా వెళ్ళండి," అంది. దుఃఖం దాచుకోవడం చేతకాని మాట అది. ఈమె కాదు, అనుకున్నాడు మిహిరుడు.

మూడో వంతు శ్రేష్ఠి తమ్ముడు వసుగుప్తుడిది.

తెల్లటి బట్టలు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు, ఊరంతా జాలిపడే వినయం. అన్న స్నానం చేసి రాగానే రోజూ అత్తరు పూయడం అతని సేవ. దంతపు బరిణెలోంచి దూది తీశాడు. బుడ్డి మూత తీసి దూదిని ముంచాడు. నిండు సభలో, ఊళ్ళోకి మళ్ళీ తిరిగొచ్చినట్టుగా, ఒక్క నాగసంపెంగ వాసన గుప్పుమంది. అందరూ కళ్ళు మూసుకుని పీల్చారు.

మిహిరుడు కళ్ళు మూసుకోలేదు. వసుగుప్తుడి చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి దూదిని ముందు తన ఎడమ మణికట్టు మీద అద్దింది. ఆ తర్వాత ముఖం ఎడమ చెవి వైపు వచ్చింది.

ఇవాళ మీ చిన్నమామ మన ఇంటి మర్యాద మరిచిపోయాడే.

ఆ మర్యాద ఏమిటో మిహిరుడికి ఇప్పుడు తెలిసింది. పుట్టినప్పటి నుంచీ చేసే మర్యాద ఇది. ఇవాళ అడక్కుండానే చెయ్యి చేసింది, ఎందుకంటే ఇవాళ బుడ్డిలో ఉన్నది ఉత్త అత్తరు. ఆ రోజు మాత్రం చేయలేదు. చేసి ఉంటే పోయేవాళ్ళు ఇద్దరు. అన్న పోయి, నేరం వకుళ మీద పడితే ఆస్తంతా ఈ చేతికే. సేవ సరిగ్గా ఆ రోజులాగే జరగాలి కదా! దొంగపని దాచుకోవడానికి మనిషి ఎన్ని జాగ్రత్తలైనా పడతాడు గానీ, అలవాటైన చెయ్యి చేసే పనిని ఆపడం ఎవరి తరం?

చెవిని తాకబోయిన చేతిని మిహిరుడు పట్టుకున్నాడు.

"తమ్ముడూ! ఆ రోజు నీ మణికట్టుకు రాసుకోలేదేం?"

ఆ గొంతు విని సభలో ఎవరో కెవ్వుమన్నారు. అచ్చం మకరంద శ్రేష్ఠి గొంతు, చివర్లో కాస్త నవ్వు కలిసిన గొంతు. వసుగుప్తుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురుగా ఉన్నది నటుడని, మైనమని అంతా మరిచిపోయి, చిన్నతనంలో దొరికిపోయిన దొంగలా మాట్లాడాడు.

"నువ్వు కళ్ళు మూసుకునే ఉన్నావు కదన్నయ్యా... చూడలేదనుకున్నాను..."

అని, ఏమన్నాడో తన చెవులకే వినపడి, నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. ధర్మాధికారి లేచి నిలబడ్డాడు. వకుళ చేతిలో గిన్నె ఆగిపోయింది.

"పట్టుకోండి వాణ్ణి!" అని అరిచాడు ధర్మాధికారి.

భటులు కదిలేలోపే వసుగుప్తుడు మొలలోంచి నల్ల బుడ్డి తీసి నేలకేసి కొట్టాడు. దీపాలన్నీ ఆకుపచ్చగా మారాయి. పగిలిన గాజులోంచి పొగ లేచి, పొగకు చేతులు మొలిచి, చేతులు భటుల గొంతులు పట్టుకున్నాయి. వసుగుప్తుడు చాటుగా చేరదీసిన ధూమద్వీపపు మాంత్రికుడు దుర్ముఖుడి విద్య అది. అత్తరులో కలిపిన విషమూ వాడిచ్చిందే. జనం ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. ఒక పొగచెయ్యి మిహిరుడి మీదికీ వచ్చి, ముఖాన్ని తడిమి, ఎందుకో వెనక్కి తగ్గింది.

"నువ్వు చచ్చావు! నా చేతుల్లోనే చచ్చావు! నా వెంట రాకు!" అని అరుస్తూ వసుగుప్తుడు గవాక్షంలోంచి దూకాడు. మిహిరుడు పావుకోళ్ళు తన్నేసి వెనకాలే దూకాడు.

కింద అత్తరు బట్టీల శాల. బారులు తీరిన రాగి కాగులు, వాటి నుంచి వెదురు గొట్టాలు, కళ్ళు కనపడని ఆవిరి. వసుగుప్తుడు పరుగెత్తుతూనే కనపడ్డ కాగునల్లా తోసేశాడు. సలసల కాగే గులాబీ నీళ్ళు నేలంతా పారాయి. మిహిరుడు పూలబుట్టలు పైకి లాగే కప్పీ తాడు అందుకుని, తెరచాప కొయ్య మీద పెరిగినవాడు కాబట్టి, ఒక్క ఊపులో శాల ఈ కొస నుంచి ఆ కొసకు చేరాడు. వాడి చేతికి వసుగుప్తుడి ఉత్తరీయం కొస దొరికింది. లాగాడు. ఉత్తరీయం చేతిలోనే మెలిక తిరిగి పడగ విప్పింది. పాముని గోడకేసి కొట్టేసరికి అది మళ్ళీ తెల్లటి గుడ్డై జారిపడింది.

ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచింది. శాల వెనక కాలువలో నల్ల తెరచాప పడవ సిద్ధంగా ఉంది. తెడ్డు వేసేవాళ్ళు లేరు, గాలి లేదు, అయినా అది వసుగుప్తుణ్ణి ఎక్కించుకుని నీటిని చీల్చుకుంటూ సముద్రంలో పడింది.

మిహిరుడు తిరిగి వచ్చేసరికి పొగ తేలిపోయింది. గొంతులు తడుముకుంటూ భటులు లేస్తున్నారు. ధర్మాధికారి తన చేతులతోనే వకుళ సంకెళ్ళు విప్పాడు. "నిండు సభలో నేరస్థుడి నోటే విన్నాం. తల్లీ, మమ్మల్ని క్షమించు," అన్నాడు. మిహిరుడు ఇక ఆగలేక, "అక్కా, నేను!" అన్నాడు. వకుళ నిర్ఘాంతపోయి, అంతలోనే పరుగెత్తుకొచ్చి వాణ్ణి వాటేసుకుంది. కిటికీలోంచి ఎర్రటి పొద్దు సముద్రంలోకి దిగుతోంది. రేవులో చిల్లు పడవ ఖాళీగా ఊగుతోంది. దాన్ని చూసి మిహిరుడు మనసారా నవ్వుకున్నాడు.

"ఇక ఆ ముఖం తీసెయ్యరా, నీ మొహం చూడనీ," అంది వకుళ.

గడ్డం కింద వేళ్ళు పెట్టి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. చర్మం లాగినట్టు నొప్పి పుట్టింది. మైనానికీ చెంపకూ మధ్య అంచు కోసం తడిమాడు. అంచు లేదు.

ముఖాలు పోసే అవ్వ జనంలోంచి మెల్లగా ముందుకొచ్చింది. "ముందే చెప్పినానా నాయనా. సేవ తప్పింది. ఆ రోజు పూసింది ఒకటి, ఇవాళ పూయవచ్చింది ఇంకోటి. మీ మామ గడప దాటలేదు."

"మరి ఎలా వదులుతాడు?"

"ఆ సేవ సరిగ్గా జరగాల. అదే చెయ్యి, అదే బుడ్డి, అదే చెవి."

అదే చెయ్యి పారిపోయింది. వాణ్ణి పట్టి తేవచ్చు, సముద్రం మిహిరుడికి ఇల్లే. కానీ అదే బుడ్డి అంటే? అందులో ఉన్నదేమిటో ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ అత్తరు చుక్క చెవిని తాకితేనే మామయ్య వెళ్ళిపోతాడు. తాకితే తను మిగులుతాడా? అవ్వ వైపు చూశాడు. అవ్వ తల దించుకుంది. మిహిరుడికి ఏడుపు వచ్చింది గానీ, ఆ కళ్ళలోంచి నీళ్ళు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి, ఈతాకు ముక్క. నాలుక కింద వెతికాడు. లేదు. పల్లకీ దిగిన చోట, మెట్ల మీద, కుక్క ముందు పడి ఉంది. సభలో మాట్లాడినప్పుడు అది నోట్లో లేనే లేదు.

దీపాలు పెట్టే వేళకు ఓడ సిద్ధమైంది. ధర్మాధికారి భటులనిచ్చాడు, అవ్వ దారికి కర్పూర తైలం ఇచ్చింది. తమ్ముడు వద్దంటున్నా వినకుండా వకుళ కూడా ఎక్కింది. "నీ ప్రాణం పెట్టి నాకు చిల్లు పడవ తప్పించావు. నిన్నొదిలి ఒడ్డున కూర్చుంటాననుకున్నావా?" అంది. తన వంతు సేవ మిగిలిపోయిందని గుర్తు చేసుకుని, ఆ పాయసం గిన్నె వాడి చేతికిచ్చింది. "ఇదైనా సరిగ్గా జరగనీ. తాగు."

మిహిరుడు సగం తాగి గిన్నె తిరిగిచ్చాడు.

గాలి తిరిగింది. ఎక్కడి నుంచో మల్లెల వాసన వచ్చింది, తర్వాత మొగలి, తర్వాత గంధం. రేవులో జనం సంతోషంతో కేకలు వేశారు. పరిమళాలు ఊళ్ళోంచి రావడం లేదని, ఓడ మీద నుంచి, తమ్ముడి ఒంట్లోంచి వస్తున్నాయని వకుళ ఒక్కతే గ్రహించింది. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"తమ్ముడూ, నువ్వేనా?"

నేనే అక్కా, అనబోయాడు మిహిరుడు. శక్తి కొద్దీ అనబోయాడు. నోరు తెరుచుకుంది, నవ్వు కలిసిన గొంతు బయటికొచ్చింది, ఆ గొంతు వాడు పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినని ఒక పేరు పలికింది.

"గువ్వపిట్టా! బెల్లం ఇవాళ సరిపోయిందే. ఇక లంగరు ఎత్తమను. మా తమ్ముడు నాకింకా అత్తరు పూయాలి."

వకుళ చేతిలోంచి గిన్నె జారిపడి, ఓడ చెక్కల మీద గిరగిరా తిరిగింది.